ఒడిశా సరిహద్దు తెలుగువారి కోసం ప్రభుత్వ సేవల మొబైల్ యాప్: రూపకల్పన ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: రాయగడ నుంచి ఒక డెవలపర్

అందరికీ నమస్కారం. రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం నేను, నా మిత్రులు కలిసి ఒక మొబైల్ యాప్ తయారుచేయాలని సంకల్పించాము. నివాస, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, వారసత్వ ధ్రువపత్రం, భూమి పట్టా నకలు వంటి పనుల మీద తహసీల్ ఆఫీసుకు వెళ్ళేవారికి ఏ కాగితం కావాలో, ఎవరిని కలవాలో, ఇచ్చిన దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ముందుగా తెలిస్తే పదేపదే తిరిగే బాధ చాలావరకు తప్పుతుందని మా ఆశ.

మా ప్రాంతపు పరిస్థితి బయటివారికి కొంత వివరించాలి. ఇక్కడి తెలుగు పెద్దవారిలో చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు, ఆఫీసులో తమ పని చెప్పుకోగలరు. అయితే ఆ భాషను చదవలేరు. వారి పిల్లలు ఒడియా బడిలో చదువుకున్నారు కాబట్టి ఒడియా చదువుతారు గానీ, తెలుగు చదవడం అందరికీ రాదు. ఒకే ఇంట్లో ఒకే ఫోనును తెలుగు చదివే తండ్రి, ఒడియా చదివే కూతురు, ఏ లిపీ చదవలేని నాయనమ్మ వాడుకుంటారు.

మాలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ధ్రువపత్రాలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే ప్రభుత్వ ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్‌లోని దరఖాస్తు తెరలను తెలుగులో చూపిస్తే చాలునని ఒక మిత్రుడు అంటున్నారు. అసలు యాప్ ఎందుకు, వాట్సాప్ ద్వారానే అందించవచ్చు కదా అని మరొకరు అంటున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో ప్రారంభించిన తరువాత పార్వతీపురం, పాతపట్నం వైపు ఉన్న మా బంధువులు దాని గురించి చెబుతుంటే, ఇక్కడివారికి అటువంటి ఆశ కలగడం సహజమే.

తెలుగులో చూపించడం ఒక్కటే చాలుతుందా? పేర్ల అక్షరక్రమం, సిగ్నలు అందని ఊళ్ళు, ఓటీపీ వంటి వాటిని ఎలా ఎదుర్కోవాలి? ప్రభుత్వం నుంచి మాకు ప్రత్యేకమైన అనుసంధానం ఏదీ లేదన్న సంగతి గుర్తుంచుకుని అనుభవజ్ఞులు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: గుణుపురం ప్రాంతంలో జనసేవా కేంద్రం నిర్వాహకుడు

రాయగడ మిత్రులకు నమస్కారం. దరఖాస్తులను పోర్టల్‌లోకి ఎక్కించే మనిషిగా నాకు తెలిసినది చెబుతాను.

తెరలను తెలుగులోకి మార్చడం అవసరమే గానీ, దానితో పని సగం కూడా పూర్తికాదు. ఒడిశాలో 1954 నాటి అధికార భాషా చట్టం ప్రకారం పాలన ఒడియాలో నడుస్తుంది. తెలుగులో నింపిన దరఖాస్తు ఎంత శుభ్రంగా ఉన్నా, దాన్ని చదివి సంతకం చేసేవారు తహసీల్ ఆఫీసులో ఉంటారని అనుకోలేము. కాబట్టి ప్రశ్న తెలుగులో కనిపించాలి, జవాబు మాత్రం ఆఫీసు చదవగలిగే లిపిలో బయటకు రావాలి. మీ యాప్ చివరికి ఒక పేజీ పత్రాన్ని తయారుచేసి ఇవ్వగలిగితే, అందులోని వివరాలు పోర్టల్‌లో గడులు ఏ వరుసలో ఉంటాయో అదే వరుసలో ఇంగ్లీషు అక్షరాలలో ఉంటే, జతచేయవలసిన కాగితాల జాబితా దాని కిందే ఉంటే, నా వంటివాడు దాన్ని చూసి తప్పు లేకుండా, త్వరగా ఎక్కించగలడు. అనుసంధానం లేని మీకు ఇది చేతిలో ఉన్న పని. ఇది చిన్న పని అని అనుకోకండి. కాగితం తక్కువై వెనక్కు వెళ్ళే మనిషి ఆ రోజు కూలిని, బస్సు చార్జీని పోగొట్టుకుంటాడు.

పేర్ల విషయంలో మీరు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మనవారు ఇంటిపేరు ముందు చెబుతారు, ఒడియావారు చివర చెబుతారు. దరఖాస్తులో మొదటి పేరు, మధ్య పేరు, ఇంటిపేరు అని మూడు గడులు కనిపించగానే కొందరు నిర్వాహకులు విన్న వరుసలోనే ఎక్కిస్తారు. దానితో తండ్రికీ కొడుకుకూ కూతురుకూ ఒకే మొదటి పేరు వచ్చి కూర్చుంటుంది. ఇక అక్షరాల సంగతి. ఒడియాలో రాసేటప్పుడు మన ‘వ’ చాలాసార్లు ‘బ’గా, ‘భ’గా మారుతుంది. ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు ఆ లిపిలో వేరువేరు గుర్తులు లేవు. అందువల్ల వెంకటలక్ష్మి గారు ఒక కార్డులో బెంకటలక్ష్మి, మరొక దానిలో భెంకటలక్ష్మి అవుతారు. మీ యాప్ పేరును తనంతట తాను ఒక లిపి నుంచి మరొక లిపిలోకి మార్చి పంపకూడదు. ఆధార్‌లో ఇంగ్లీషు అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే కొట్టించండి. రేషన్ కార్డులో, బడి ధ్రువపత్రంలో ఉన్న రూపాలను పక్కపక్కన చూపించి, తేడా ఉంటే దరఖాస్తుకు ముందే హెచ్చరించండి. తేడా తెలిసిన మనిషి ముందుగా దాన్ని సరిచేయించుకుంటాడు. తెలియని మనిషికి అది తిరస్కరణ వచ్చినప్పుడే బయటపడుతుంది.

భూమి పత్రాలకు వస్తే, ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు అయిన భూలేఖ్‌లో పట్టా ఒడియాలోనే ఉంటుంది. మౌజా (రెవెన్యూ గ్రామం), ఖతియాన్ (హక్కుల పత్రం) నంబరు, ప్లాట్ నంబరు అన్న మాటలను మార్చకుండా తెలుగు అక్షరాలలో అలాగే ఉంచి, కింద చిన్న వివరణ ఇవ్వండి. ‘సర్వే నంబరు’ అని ఆంధ్ర అలవాటుతో రాస్తే ఆఫీసులో అడిగినప్పుడు మనవాడు ఏ సంఖ్య చెప్పాలో తెలియక నిలబడతాడు.

దరఖాస్తు ఇచ్చిన తరువాత జరిగేది చాలా యాప్‌లు పట్టించుకోవు, నా దృష్టిలో అసలైన అవసరం అక్కడే ఉంది. 2012 నాటి ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం కింద ప్రకటించిన ప్రతి సేవకూ ఒక గడువు, దానికి బాధ్యుడైన అధికారి, ఆయనపై అప్పీలు వినే అధికారి, ఆపైన పునస్సమీక్ష చేసే అధికారి ఉంటారు. ఈ సంగతి తెలిసిన తెలుగు రైతులు ఎందరున్నారు? రసీదు చేతికి రాగానే దాని ఫోటో తీయించి, దరఖాస్తు సంఖ్యను, గడువు తేదీని యాప్‌లో పెట్టించండి. గడువు దాటితే అప్పీలు ఎవరికి పెట్టుకోవాలో ఆ సేవ పేరు కిందే కనిపించాలి. ‘విచారణలో ఉంది’ అన్న ముక్తసరి మాట వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) గారి విచారణకు వెళ్ళిందంటే ఊళ్ళో ఉండాలని, భూమి శిస్తు రసీదు, పాత పట్టా వంటివి దగ్గర పెట్టుకోవాలని, అడిగితే ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పవలసి రావచ్చునని తెలుగులో వివరంగా చెప్పాలి. మనవారిలో చాలామంది పనుల కోసం విశాఖపట్నం వైపు వెళ్ళి ఉంటారు. విచారణ సంగతి తెలియక, ఇంట్లో ఎవరూ దొరకక ఫైలు ఆగిపోతుంది.

సమాధానం: పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

పై వారు చెప్పినదానికి నేను కోడళ్ళ సంగతి ఒకటి చేర్చదలచుకున్నాను. గజపతి జిల్లాలోని తెలుగు ఇళ్ళకు శ్రీకాకుళం వైపు నుంచి కోడళ్ళు రావడం ఎప్పటినుంచో ఉన్నదే. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలను రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల కింద రాష్ట్రాలవారీగా ప్రకటిస్తారు. కులం పుట్టుకను బట్టి వస్తుంది గనుక, పెళ్ళి చేసుకుని ఇటు వచ్చిన అమ్మాయికి కుల ధ్రువపత్రం తండ్రి స్వస్థలం నుంచి రావాలి. నివాస ధ్రువపత్రం సంగతి వేరు, దానికి అత్తవారి ఊరి ఆధారాలు కావాలి. రేషన్ కార్డులో పేరు చేర్చాలంటే పుట్టింటి కార్డులో పేరు తీసివేసినట్టు కాగితం అడుగుతారు, ఆ కాగితం ఆంధ్ర నుంచి తెలుగులో వస్తుంది. మీ యాప్ మొదటి ప్రశ్నలలోనే ‘మీరు ఎక్కడ పుట్టారు, పెళ్ళి తరువాత ఇక్కడికి వచ్చారా’ అని అడిగి, దానిని బట్టి కాగితాల జాబితాను మార్చాలి. అందరికీ ఒకే జాబితా చూపిస్తే ఈ ఆడపిల్లలు సరిహద్దుకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.

ఇంకొక మనవి. ఈ జిల్లాలలో మన పక్కనే సవరలు, కువి మాట్లాడే కోందులు ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారి ఊరు ఇది. తెలుగువారి కోసం మొదలుపెట్టినా, మాటలను వినిపించే ఏర్పాటును ముందునుంచే యాప్‌లో ఉంచితే, తరువాత సవర మాటలను రికార్డు చేసి చేర్చవచ్చు. యంత్రం చదివే గొంతుకన్నా ఆ ఊరి మనిషి గొంతే మేలని నా నమ్మకం.

సమాధానం: బరంపురం వాడినైన ఒక ఆండ్రాయిడ్ డెవలపర్, ప్రస్తుతం భువనేశ్వర్‌లో

సాంకేతిక విషయాలు నేను చెబుతాను.

వాట్సాప్‌ను పూర్తిగా పక్కన పెట్టవద్దు, దాని మీదే పూర్తిగా ఆధారపడవద్దు. ప్రభుత్వమే నడిపే ‘మన మిత్ర’కు శాఖల సమాచారం వెనుక నుంచి అందుతుంది, మీకు అది లేదు. పైగా వ్యాపార ఖాతా నుంచి వినియోగదారుకు స్వేచ్ఛగా జవాబు ఇవ్వగలిగేది ఆయన చివరి సందేశం పంపిన 24 గంటల లోపే. ఆ తరువాత ముందుగా ఆమోదం పొందిన నమూనా సందేశాలే పంపాలి, వాటికి రుసుము ఉంటుంది. గడువు తేదీని గుర్తుచేయడం మీ ముఖ్యమైన పని అయితే, ఫోనులోనే నెట్ లేకుండా మోగే అలారం చాలు, దానికి ఖర్చు లేదు.

ఎస్ఎంఎస్ పంపదలిస్తే ఒక లెక్క గుర్తుంచుకోండి. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్ కావడం వల్ల 70 మాత్రమే, అందులోనూ గుణింతపు గుర్తు, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘ధ్రువపత్రం’ అన్న ఒక్క మాటే పది స్థానాలు తీసుకుంటుంది. కాబట్టి తెలుగు సందేశంలో దరఖాస్తు సంఖ్య, తేదీ, చేయవలసిన పని తప్ప మర్యాద వాక్యాలు వద్దు.

సిగ్నలు లేని చోట కూడా దరఖాస్తు నింపగలగాలి. సేవల వివరాలు, కాగితాల జాబితాలు, ఆఫీసుల చిరునామాలు ఫోనులోనే ఉండాలి, నెట్ దొరికినప్పుడు మార్పులు మాత్రం దిగాలి. సగం నింపిన దరఖాస్తు ఫోను ఆగిపోయినా పోకూడదు. కాగితాల ఫోటోలను పోర్టల్ అడిగే పరిమాణానికి యాప్ స్వయంగా తగ్గించాలి, ఆ పరిమాణాన్ని కోడ్‌లో రాసిపెట్టకుండా దిగుమతి అయ్యే వివరాలలో ఉంచండి, ఎందుకంటే అవి మారుతుంటాయి. ఓటీపీ మాత్రం మీ చేతిలో లేదు. ఆధార్‌కు జతచేసిన నంబరు ఇప్పటికీ పనిచేస్తున్నదా, ఆ ఫోను ఇంట్లో ఎవరి దగ్గర ఉంది అన్న రెండు ప్రశ్నలను కేంద్రానికి బయలుదేరక ముందే అడిగితే, అక్కడికి వెళ్ళి వెనుదిరిగే అవసరం ఉండదు. కొడుకు ఫోను నంబరు తల్లి ఆధార్‌కు జతచేసి ఉంటుంది, ఆ కొడుకు సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. అందుకే కేంద్రానికి వెళ్ళే సమయాన్ని ముందే అతనికి ఫోను చేసి కుదుర్చుకోమని యాప్ చెప్పాలి.

తెలుగు అక్షరాలకు తెర మీద తగినంత నిలువు చోటు ఇవ్వండి. ఇంగ్లీషుకు సరిపడే వరుస ఎడంలో తెలుగు పెడితే కింద ఒత్తులు, పైన గుడులు కోసుకుపోతాయి, ‘స్త్రీ’ వంటి అక్షరం చదవడానికి వీలుకాదు. బొత్తాల వెడల్పును స్థిరంగా ఉంచకండి. భాష మార్చే మీట ప్రతి తెరలోనూ పైన ఉండాలి, దాన్ని నొక్కితే నింపిన వివరాలు చెరిగిపోకుండా అదే తెర ఒడియాలో కనిపించాలి. మీరు చెప్పిన తండ్రీ కూతుళ్ళు ఒకే దరఖాస్తును కలిసి నింపే మార్గం అదే.

దరఖాస్తు స్థితిని తెలుసుకోవడానికి పోర్టల్ పేజీని యంత్రంతో చదివించడం, మనిషేనా అని పరీక్షించే క్యాప్చాను దాటించడం వంటివి చేయవద్దు. అధికారిక పేజీని యాప్‌లో నుంచి తెరిచి, అక్కడ కనిపించే దశను వినియోగదారు చేతనే ఎంపిక చేయించండి. కొంచెం శ్రమ అయినా నిజాయితీ గల పద్ధతి.

ప్రశ్న వేసినవారు: రాయగడ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మేము అడిగిన ప్రశ్నల కంటే ముఖ్యమైనవి మీరు చూపించారు. ఒక సందేహం మిగిలింది. ఆధార్, పట్టా ఫోటోలను మా సర్వరులో దాచితే రెండవసారి వచ్చినవారు మళ్ళీ తీయనక్కర లేదు. అది చట్టరీత్యా సబబేనా? ప్రభుత్వ యాప్ అని జనం పొరబడకుండా ఏం చేయాలి?

సమాధానం: జయపురం నుంచి ఒక న్యాయవాది

దాచవద్దని నా స్పష్టమైన సలహా. ఫోటోలు వినియోగదారు ఫోనులోనే ఉండనివ్వండి. శాశ్వతంగా భద్రపరచుకోవలసినవి ఉంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల భాండారమైన డిజిలాకర్ చూపించండి. అందులోకి ప్రభుత్వ శాఖలు నేరుగా జారీచేసిన పత్రాలను అసలు పత్రాలతో సమానంగా పరిగణించాలని 2017లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. మీరు ఏ సమాచారం తీసుకున్నా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తించే అవకాశం ఉంది. సమ్మతి కోరే ప్రకటనను ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలని ఆ చట్టం ఆదేశిస్తుంది. తెలుగు, ఒడియా రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. సవర, కువి లేవు, అయినా వారికి నోటితో వినిపించడం మన ధర్మం.

ప్రభుత్వ చిహ్నం, కోణార్క చక్రం వంటి బొమ్మలు, ‘ఒడిశా సర్కార్’ అనిపించే పేరు వాడవద్దు. ప్రభుత్వ సమాచారం ఇచ్చే ప్రైవేటు యాప్ తాను ప్రభుత్వ ప్రతినిధి కాదని స్పష్టంగా చెప్పి, సమాచారం ఎక్కడిదో చూపాలని ప్లే స్టోర్ నియమం కూడా ఉంది. ఆ మాటను చివరి పేజీలో దాచకుండా మొదటి తెర మీదే తెలుగులో రాయండి.

మరొక సంగతి మన తెలుగువారికి తప్పక తెలియాలి. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, ఏ వ్యక్తి అయినా తన కష్టాన్ని తీర్చమని రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. ధ్రువపత్రం దరఖాస్తు వేరు, ఫిర్యాదు వేరు. ఫిర్యాదును తెలుగులో రాసి ఇచ్చే హక్కు మనకు ఉంది. మీ యాప్‌లో ఫిర్యాదు భాగం పెడితే, తెలుగు అర్జీని అలాగే ఉంచి దాని వెంట ఒడియా సారాంశం జతచేసేలా రూపొందించండి. హక్కూ నిలుస్తుంది, పనీ సాగుతుంది. ఇంకా, భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పథకంలో, జిల్లాలో గానీ అంతకంటే చిన్న విభాగంలో గానీ కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలని ఉంది. మీ ప్రాంతంలో ఏయే బ్లాకులు ఆ కొలతకు వస్తాయో జనగణన పట్టికలలో చూసి, అధికారిక తెలుగు పాఠాన్ని ఇవ్వవలసిందిగా కలెక్టరు గారికి ఇప్పుడే అర్జీ పెట్టండి. ఎన్నాళ్ళూ సొంత అనువాదం మీదే నడవడం మీకు క్షేమం కాదు.

సమాధానం: సిరొంచ నుంచి, మహారాష్ట్ర

మా గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోనూ పరిస్థితి ఇదే, ఒడియాకు బదులు మరాఠీ. ఇక్కడ ‘ఆప్లే సర్కార్’ పోర్టల్, యాప్ ఉన్నాయి, 2015 నాటి సేవాహక్కు చట్టం ఉంది, ఆ చట్టం కింద చివరి అప్పీలు సేవాహక్కు కమిషన్ వింటుంది. మీ యాప్ ఏనాటికైనా ఇటు వస్తుందన్న ఆశతో ఒక్క మాట రాస్తున్నాను.

సేవ పేరు ఒకటే అయినా కాగితాల జాబితా రాష్ట్రానికి రాష్ట్రానికి పూర్తిగా మారిపోతుంది. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రం వచ్చిన తరువాత చదువులకు, ఉద్యోగాలకు దాని చెల్లుబాటును వేరే సమితి పరిశీలించి మరొక పత్రం ఇవ్వాలి. అందుకు షెడ్యూల్డు తెగలవారు 1950కి ముందు నాటి, ఇతర వెనుకబడిన తరగతులవారు 1967కు ముందు నాటి ఆధారాలు చూపవలసి ఉంటుంది. రాజురా, దెగ్లూర్, ధర్మాబాద్ ప్రాంతాలు ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి, అక్కడివారి తాతల నాటి కాగితాలలో ఉర్దూ కనిపిస్తుంది. అటువంటి కుటుంబానికి కావలసిన మొదటి సహాయం దరఖాస్తు నింపడం కాదు, ఏ పాత కాగితం వెతకాలో, దాని అనువాదాన్ని ఎవరి చేత ధ్రువీకరించుకోవాలో చెప్పడం. కాబట్టి సేవల వివరాలను యాప్‌తో ముడివేయకుండా, రాష్ట్రం, జిల్లా, దరఖాస్తుదారు పరిస్థితి అన్న మూడింటిని బట్టి విడిగా రాసుకునే పద్ధతిని మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ఆంధ్రలోని మీసేవ జాబితాను చూసి అందరికీ అదే వర్తిస్తుందని ఎవరూ అనుకోకూడదు.

సమాధానం: గుణుపురం జనసేవా కేంద్రం నిర్వాహకుడు

న్యాయవాది గారు చెప్పినట్టు ఫోటోలు ఫోనులోనే ఉండాలన్నది నాకూ సమ్మతమే. అయితే కేంద్రానికి వచ్చినవారు ఆ ఫోటోలను నా వంటివాడి కంప్యూటరుకు పంపక తప్పదు. పంపిన వాటిని పని కాగానే తుడిచివేశామా అని అడిగే హక్కు వారికి ఉందని కూడా మీ యాప్ తెలుగులో చెప్పాలి. మాలో అందరూ ఆ జాగ్రత్త తీసుకోరు.

రాయగడ మిత్రులు అన్ని సేవలూ ఒకేసారి పెట్టుకోవద్దు. ఎక్కువమంది విద్యార్థులు అడిగేది నివాస ధ్రువపత్రం, కళాశాల ప్రవేశాల సమయంలో దానికోసం మా దగ్గర వరుసలు ఉంటాయి. దాని ఒక్కదాని తెరలు, కాగితాల జాబితా, ఆ ఒక పేజీ పత్రం సిద్ధం చేసి తీసుకురండి. పోర్టల్‌లోని గడుల వరుసతో నేను సరిపోల్చి చూస్తాను. పేరు గడుల దగ్గర ఇంటిపేరు ఎటు పడుతున్నదో మనం కలిసి, నలుగురైదుగురు పెద్దవారి కార్డులు ఎదురుగా పెట్టుకుని పరీక్షిద్దాము. పర్లాకిమిడి ఉపాధ్యాయురాలు గారు కోడళ్ళకు సంబంధించిన ప్రశ్నలను రాసి పంపగలిగితే, వాటిని కూడా అదే నమూనాలో చేర్చవచ్చు.